మంచు కింద గాలాలు

నది మంచులో తవ్విన కన్నం మీద పొడిమంచు తను కప్పి వెళ్ళినట్టు లేదు. ఉర్కియా మోకాళ్ళ మీద కూచుని టార్చిలైటు దగ్గరగా పెట్టి చూసింది. సాయంత్రం తను పారతో గుప్పగా పోసి వదిలేసింది. ఇప్పుడది ఎవరో అరచేత్తో మెత్తి, అంచులు సర్దినట్టు చదునుగా ఉంది. మంచును పక్కకి తోసి, కింద పట్టిన లేత పొరని గునపంతో పగలగొట్టి, చిల్లుల గరిటెతో ముక్కలు దేవి అవతల పారేసింది. కన్నానికి అడ్డంగా వేసిన కర్రకు తాడు కట్టే ఉంది. లాగితే బరువు లేదు. సీసపుగుండు పైకొచ్చింది. దాని కింద గాలం ఉండాల్సిన చోట దారం కొస మాత్రం వేలాడుతోంది.

చేప తెంపుకుపోయిన దారమైతే పీచులు పీచులుగా ఉంటుంది. ఇది కత్తితో కోసిన కొస. నలీమ్ చేప గాలాన్ని కడుపు దాకా మింగేస్తుంది. ఎముకలు కొరికే చలిలో దాని గొంతులో వేళ్ళు పెట్టి గాలం ఊడదీసే ఓపిక లేనివాడు దారం కోసి చేపని పట్టుకుపోతాడు.

ఆమె లేచి పక్క కన్నం దగ్గరకి వెళ్ళింది. అదీ అంతే. ఆ పక్కది కూడా.

ఇంకా తెల్లవారలేదు. గడ్డకట్టిన ఇర్తిష్ నది మీద, మలుపు పొడుగునా, అక్కడొకటి ఇక్కడొకటిగా దీపాలు కదులుతున్నాయి. ఊళ్ళో వాళ్ళంతా సాయంత్రం ఎరలు వేసి ఇళ్ళకి పోయి, తెల్లవారుజామున వచ్చి తీసుకుంటారు. నలీమ్ పగలు రాళ్ళ సందుల్లో పడుకుంటుంది. చీకటి పడ్డాకే మేతకి కదులుతుంది, అదీ చలి ముదిరిన నెలల్లోనే. ఏటా ఉర్కియా భర్త తొక్తార్ వచ్చేవాడు. ఈ శరత్కాలంలో రంపపు మిల్లులో అతని కుడిచేతి వేళ్ళు పోయాయి. అప్పటినుంచి ఆమె వస్తోంది. మలుపు దగ్గర గాలం వేసే ఆడమనిషి ఆమె ఒక్కతే.

"నీవి కూడానా?" అన్నాడు ప్రోఖోర్ తాత వెనకనుంచి. అందరికంటే పెద్దవాడు. ఎవరి కన్నాలు ఎక్కడో ఏటా నీరు గడ్డకట్టగానే అతనే చెప్తాడు, ఎవరూ కాదనరు. చేతిలో తన తెగిన దారం పట్టుకుని ఉన్నాడు. గడ్డం మీద ఊపిరి తెల్లగా పేరుకుపోయింది.

"మూడూ పోయాయి తాతా."

ఒక్కొక్కళ్ళే పోగయ్యారు. అందరివీ పోలేదు, కానీ పోనివాళ్ళు తక్కువ. ఆఖరున ఖాయిర్‌బెక్ తన జారుడుబండి లాక్కుంటూ వచ్చాడు. తొక్తార్‌కి అన్న అతను, ఉర్కియాకి బావగారు. బండి మీద గోనెపట్టా కింద చేపలు బాగానే ఉన్నాయి. ఎప్పుడూ ఉంటాయి. వాళ్ళ నాన్న నాటినుంచీ మలుపులో లోతైన మడుగు వాళ్ళదే. చిన్నవాడు మిల్లు పనికెళ్ళి అప్పుడప్పుడు గాలం వేస్తే, పెద్దవాడు నదినే నమ్ముకున్నాడు. చలికాలం వస్తే ఖాయిర్‌బెక్ బండి ఖాళీగా తిరిగిందని ఎవరూ విని ఎరగరు.

దొంగతనం సంగతి విని అతను బండి తాడు వదిలాడు. చేతి తొడుగు పళ్ళతో పట్టి లాగి, నోట్లో పొగాకు పొడి వేసుకున్నాడు. "దీపం లేకుండా మంచు మీద తిరిగేవాడు ఈ ఊళ్ళో ఎవడో మీకందరికీ తెలుసు," అన్నాడు. "నేను పేరు చెప్పను. ఒకరి పేరు నా నోటినుంచి రాకూడదు."

చెప్పక్కర్లేకపోయింది. అప్పుడే మలుపు అవతలి కొసనుంచి దలేల్‌ఖాన్ వస్తున్నాడు. మంగోలియా కొండల్లోంచి పెళ్ళాం పిల్లలతో వచ్చి ఊరి చివర పాత గోదాములో కాపురముంటున్నాడు. రెండో చలికాలం ఇది. టార్చి వేస్తే వేసినంత మేరే కనబడుతుంది, వెయ్యకపోతే నదంతా కనబడుతుంది అంటాడు. మనిషి పొడుగు, మాట తక్కువ. దగ్గరికొచ్చి అందరికీ సలాం చెప్పాడు. ఎవరూ బదులు పలకలేదు.

"పడ్డాయా?" అన్నాడు, ఏం తోచక.

"పడ్డవి పడ్డాయి. నడిచిపోయినవి నడిచిపోయాయి," అన్నాడొకడు. "నీకెలా ఉంది?"

"పిల్లలకి సరిపడా."

"సరిపడా అంటే ఎంతో, ఎవరి కన్నంలో కొలుచుకున్నావో."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. దలేల్‌ఖాన్‌కి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఏమీ అనలేదు. బండి తాడు భుజానికి వేసుకుని ఒడ్డుకేసి నడిచాడు. ఏమీ అనకపోవడమే అందరికీ సాక్ష్యంలా కనబడింది. ఉర్కియాకి కూడా.

*

మర్నాడు సాయంత్రం ఆమె కొత్త గాలాలు కట్టింది. నైలాను దారం అయిపోయింది. అత్తగారు తివాచీలు కుట్టే బూడిదరంగు దారం రెండు పేటలు మెలేసి మైనం పట్టించింది. తొక్తార్ ఎదురుగా కూచుని, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ముడి ఎలా వెయ్యాలో ఎడంచేత్తో గాల్లో చూపించాడు. ఆమెకి తెలుసు. అయినా చూపించనిచ్చింది.

ఎరలు వేసి వచ్చాక గాలి లేచింది. కిటికీ అద్దాలు గడగడలాడుతుంటే ఆమెకి నిద్ర పట్టలేదు. ఆ గాలికి కన్నాల మీద కప్పిన మంచు ఎగిరిపోతే నీళ్ళు మళ్ళీ గట్టిగా బిగుసుకుని కర్రా తాడూ అన్నీ అందులోనే ఉండిపోతాయి. ఉన్నిబూట్లు తొడుక్కుని, శాలువా చుట్టుకుని, పార తీసుకుని బయల్దేరింది. ఒడ్డు దిగేసరికి గాలి పడిపోయింది. మబ్బులు చెదిరి చంద్రుడు బయటపడ్డాడు. టార్చి అక్కర్లేకపోయింది.

రెల్లుదుబ్బు దాటుతూండగా మలుపు మధ్యలో మనిషి కనబడ్డాడు.

ఆమె అడుగు అక్కడే ఆగింది. ప్రోఖోర్ తాత కన్నం దగ్గర ఎవరో మోకరిల్లి ఉన్నాడు. పక్కన బండి. తాడు ఒక చెయ్యి తరవాత ఒక చెయ్యి వేసి పైకి లాగుతున్నాడు, తొందర లేకుండా. చేప వచ్చి అతని మోచేతికి చుట్టుకుంది. దాన్ని విదిలించి, మోకాలి కింద అదిమి, కత్తి తీశాడు. ఆ తరవాత కుడిచేతి తొడుగు పళ్ళతో పట్టి లాగాడు.

చూసినదాన్ని ఆమె నమ్మలేకపోయింది. దలేల్‌ఖాన్ అయ్యుంటే అరిచి ఊరిని లేపేది. ఆ మనిషి కర్రని మళ్ళీ యథాప్రకారం అడ్డం వేసి, పైన మంచు పోసి, అరచేత్తో మెత్తి సర్దాడు. లేచి నడుము పట్టుకుని ఒక్కక్షణం నిలబడి, ఉర్కియా కన్నాల వైపు నడిచాడు. ఆ నడక ఆమె పెళ్ళై వచ్చిననాటినుంచి చూస్తున్నదే. తన పెళ్ళిలో తోడబుట్టినవాడిలా ముందు నడిచినవాడు, తొక్తార్ చెయ్యి పోయిన రోజున గుర్రబ్బండి మీద ఆసుపత్రికి తోలుకెళ్ళినవాడు.

రెల్లు వెనక కూచుండిపోయింది. పిలిస్తే పలికే దూరం. పిలవలేదు. అతను ఆమె గాలాలు ఒక్కొక్కటే ఎత్తి చూసి వెళ్ళిపోయేదాకా అలాగే ఉంది. కాళ్ళు కొయ్యబారాయి. ఇంటికొచ్చి పొయ్యి దగ్గర కూచుంటే, "మంచు ఎగిరిపోయిందా?" అని నిద్రలోంచి అడిగాడు తొక్తార్. లేదు, బాగానే ఉందని చెప్పింది.

తెల్లవారాక చేయవలసిన పని చేసేశారు మగవాళ్ళు.

ఆమె వెళ్ళేసరికే మలుపు దగ్గర గుంపు ఉంది. మధ్యలో దలేల్‌ఖాన్. అతని గాలపుకర్రలు తీసి మోకాలికేసి విరుస్తున్నాడొకడు. ఇంకొకడు అతని జారుడుబండిని తలకిందులు చేసి గొడ్డలితో కొట్టాడు. మొదటి దెబ్బకి విరగలేదు. గట్టి చెక్క, చేత్తో చెక్కి చేసుకున్నది. రెండోసారి కొట్టాక కింది పట్టె ఊడొచ్చింది. దలేల్‌ఖాన్ చేతులు వేలాడేసి చూస్తూ నిలబడ్డాడు. ఖాయిర్‌బెక్ చెయ్యి చేసుకోలేదు. కొంచెం ఎడంగా ఉండి, పని పూర్తయ్యాక, "ఇక చాలు," అన్నాడు. "మనిషి మీద చెయ్యి వెయ్యకండి. పిల్లలున్నవాడు. ఈ మలుపులోకి మళ్ళీ రాకపోతే చాలు."

అది విని ప్రోఖోర్ తాత తల ఊపాడు, న్యాయంగా ఉందన్నట్టు.

దలేల్‌ఖాన్ వంగి చెక్కముక్కలు ఏరుకున్నాడు. చిన్నవి పెద్దవి అన్నీ. పొయ్యిలోకి పనికొస్తాయనుకున్నాడో ఏమో, తాడుతో కట్ట కట్టి భుజాన వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఉర్కియా ముందునుంచే వెళ్ళాడు. ఆమె గునపం చూస్తూ నిలబడింది.

ఆ మధ్యాహ్నం భర్తకి చెప్పింది. అత్తగారు ఆవుకి గడ్డి వెయ్యడానికి వెళ్ళినప్పుడు, గొంతు తగ్గించి, చూసింది చూసినట్టు చెప్పింది. తొక్తార్ మొదట కొట్టిపారేశాడు, చంద్రుడి వెలుగులో మనుషులు మారిపోతారన్నాడు. తరవాత కోప్పడ్డాడు. కోపం దిగాక ఎడంచేత్తో ముఖం తుడుచుకున్నాడు.

"నాన్న పోయాక నన్ను పెంచింది అన్నయ్య. నీకు తెలుసు."

"తెలుసండీ."

"ఊళ్ళో తలెత్తుకుని తిరుగుతున్నామంటే ఆయన పేరు మీద. ఆ మంగోలియా వాడికోసం అదంతా నదిలో పారేస్తావా?"

"వాడి బండి విరగ్గొట్టారు. నేను చూస్తూ నిలబడ్డాను."

"బండి మళ్ళీ చేసుకుంటాడు," అన్నాడు తొక్తార్. అని, తన మాట తనకే నచ్చనట్టు లేచి కిటికీ దగ్గరకి వెళ్ళాడు. "ఎవరితోనూ అనకు. నేను మాట్లాడతాను అన్నయ్యతో. సమయం చూసి."

సమయం ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు.

*

ఆ మర్నాటి రాత్రి ఉర్కియా పనిగట్టుకునే వెళ్ళింది. ఏం చెయ్యాలని వెళ్ళిందో ఆమెకే సరిగా తెలియదు. ఎదురుపడి, "బావగారూ, చాలించండి," అని ఒక్కమాట అంటే సరిపోతుందేమో, ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంటుందేమో అనుకుంది. దారంతా ఆ మాట మనసులో అనుకుంటూ నడిచింది.

మలుపు నిర్మానుష్యంగా ఉంది. చలికి నది మూలుగుతోంది. ఎక్కడో పగులు పుట్టి ఒడ్డునుంచి ఒడ్డుకి పిడుగులా పాకి ఆగింది. దానికి భయపడనక్కర్లేదు, మంచు గట్టిపడుతున్న చప్పుడు అది. ఆమె చెవిన పడిన రెండో చప్పుడు వేరు. మెత్తగా, తడిగా, పలక కుంగినట్టు. పై ఒడ్డు వైపునుంచి వచ్చింది. వెంటనే మనిషి గొంతు. కేక కాదు, ఊపిరి అందక చేసే శబ్దం.

పై ఒడ్డున ఊటనీళ్ళు కలుస్తాయి. అక్కడ ఎంత చలికాలమైనా మంచు పలచనే. ఊళ్ళోవాళ్ళెవరూ అటు అడుగు పెట్టరు. మలుపులోకి రావద్దన్నారు కనక దలేల్‌ఖాన్ అటు వెళ్ళాడు.

పరిగెత్తింది. దగ్గరవుతున్నకొద్దీ కాలికింద చప్పుడు బోలుగా మారింది. బోర్లా పడుకుని పాకింది. నల్లటి నీళ్ళలో అతని తలా భుజాలూ కనబడుతున్నాయి. అంచు మీద రెండు చేతులూ వేసి పైకి రాబోతుంటే అంచు విరిగి మళ్ళీ కిందికి జారుతున్నాడు. ప్రవాహం కాళ్ళని మంచు కిందికి లాగుతోంది. ఉర్కియా శాలువా విప్పి విసిరింది. అందలేదు. ఇంకొంచెం పాకింది. ఆమె మోచేతుల కింద నీళ్ళు ఊరాయి.

"రాకు అక్కా," అన్నాడు దలేల్‌ఖాన్. "ఇద్దరం పోతాం. రాకు."

మళ్ళీ విసిరింది. ఈసారి అతని వేళ్ళు కొసని పట్టుకున్నాయి, కానీ వేళ్ళు బిగియడం లేదు. లాగితే శాలువా ఒక్కటే జారి వచ్చింది. ఇక చెయ్యగలిగింది లేక ఆమె మలుపు వైపు తిరిగి గొంతెత్తి అరిచింది. ఎవర్ని పిలుస్తోందో తెలిసే పిలిచింది.

"బావగారూ!"

కాసేపు ఏమీ లేదు. రెల్లు కదల్లేదు. అక్కడ ఉన్నాడా లేడా, ఉండీ రావడం లేదా? రావడమంటే ఆ వేళప్పుడు మంచు మీద ఉన్నానని ఒప్పుకోవడమే. ఆమె మళ్ళీ పిలిచింది. రెల్లుదుబ్బు వెనకనుంచి ఖాయిర్‌బెక్ బయటికొచ్చాడు. మొదట నడిచాడు. తరవాత పరిగెత్తాడు. బండి అతని వెనక ఎగురుతూ వచ్చింది.

"బండి బోర్లించు," అన్నాడు రొప్పుతూ. ఆమె బండి మీది పట్టా లాగి పక్కకి వంచింది. చేపలు మంచు మీదికి జారి చెల్లాచెదురయ్యాయి. కొన్ని ఇంకా కదులుతున్నాయి. కాలి దగ్గర పడిన ఒకదాని నోట్లోంచి మైనం పట్టించిన బూడిదరంగు దారం వేలాడుతోంది. ఆమె దాన్ని చూడడం ఖాయిర్‌బెక్ చూశాడు.

అతను కోటు విప్పి పక్కన పడేసి, బండిని పొడుగ్గా నీళ్ళ వైపు తోసి, దాని మీద బోర్లా పడుకున్నాడు. "నా కాళ్ళు పట్టుకో. విరిగితే వదిలెయ్యి." బండి ముందుభాగం నీళ్ళలోకి వంగింది. అతను భుజాల దాకా చేతులు ముంచి దలేల్‌ఖాన్ కోటు కాలరు దొరకబుచ్చుకున్నాడు. ఉర్కియా మడమలు మంచులో గుచ్చి, వెనక్కి వాలి, బలమంతా పెట్టి లాగింది. అంచు విరిగింది. మళ్ళీ విరిగింది. మూడో అంచు ఆగింది.

దలేల్‌ఖాన్‌ని బండి మీద పడుకోబెట్టారు. తన పొడి కోటు తెచ్చి అతనికి కప్పాడు ఖాయిర్‌బెక్. తడిసిన చొక్కా ఒంటిమీదే పలకలా బిగుసుకుంటోంది. బండి గోదాము దాకా వెళ్ళేవరకు అతను ఒక్కసారి కూడా ఆగలేదు, వెనక్కి తిరిగి ఆమెకేసి చూడలేదు.

*

పొద్దెక్కేసరికి ఊరంతా ఒకటే మాట. మలుపులోకి రానివ్వకపోయినా ఆ మంగోలియా వాడు రాత్రిపూట వచ్చి అందరి గాలాలూ ఎత్తాడు. చేపలతో పై ఒడ్డునుంచి దొంగదారిన పోబోతే మంచు విరిగింది. కాపలా కాస్తున్న ఖాయిర్‌బెక్ ప్రాణానికి తెగించి దొంగనే కాపాడాడు. మరదలు కూడా తోడుపడింది. విరిగిన మంచు పక్కన చేపల కుప్ప అందరూ చూశారు. చూసినదానికి కథ దానంతటదే అల్లుకుంది. ఖాయిర్‌బెక్ అల్లలేదు. ఎవరైనా అడిగితే, "బతికాడుగా, చాలు," అనేవాడు.

అది కాదనవలసినవాడు కాదనలేదు కనక అబద్ధం నిజమై కూచుంది.

తొక్తార్ భార్యకేసి చూడడం మానేశాడు. ఆమె రెండుసార్లు నోరు తెరవబోయింది. రెండుసార్లూ అతను, "మనిషిని కాపాడాడుగా ఉర్కియా, దానికేం విలువ లేదా?" అన్నాడు. విలువ ఉంది. అదే ఆమెని ఊపిరాడకుండా చేస్తోంది. కళ్ళు మూసుకుంటే నీళ్ళలోకి వంగిన ఆ భుజాలు కనబడుతున్నాయి, కళ్ళు తెరిస్తే గొడ్డలి కింద బండి.

ప్రాణం దక్కినందుకు దేవుడి పేరున ఖాయిర్‌బెక్ ఇంట్లో గొర్రెని కోశారు. ఊరి మగవాళ్ళనీ పెద్ద ఆడవాళ్ళనీ పిలిచారు. దలేల్‌ఖాన్ కూడా వచ్చాడు. చేతులకి గుడ్డలు చుట్టి ఉన్నాయి. ఒక చెవి నల్లబడింది. గుమ్మం పక్కన కూచోబోతే ప్రోఖోర్ తాత పిలిచి కొంచెం పైకి కూచోబెట్టాడు. అందరికీ ముచ్చటగా అనిపించింది. చిన్నకోడలు కనక టీ పొయ్యడం ఉర్కియా వంతు. పాలూ టీ కలిపి, గిన్నె సగం నింపి, కుడిచేత్తో అందించి, ఖాళీ గిన్నె అందుకోవడం. ఆమె తల వంచుకుని అదే చేస్తోంది.

మాంసం అయ్యాక ప్రోఖోర్ తాత గొంతు సవరించుకున్నాడు. ఖాయిర్‌బెక్ చేసిన పని ఈ ఇర్తిష్ ఒడ్డున మరిచిపోకూడనిదన్నాడు. తప్పు చేసినవాడికి నది వేసిన శిక్ష చాలన్నాడు. దలేల్‌ఖాన్ ఊళ్ళో ఉండచ్చు, ఎవరూ ఒక్కమాట అనడానికి వీల్లేదు, కాని నది మీదికి మాత్రం ఇక రాకూడదు.

దలేల్‌ఖాన్ తల ఊపాడు. ఒప్పుకున్నాడు.

ఉర్కియా చేతిలో టీ గిన్నె ఉంది. దాన్ని ఎవరికీ ఇవ్వకుండా తన ముందే కింద పెట్టింది.

"అతను తియ్యలేదు తాతా," అంది. "అతను పడేసరికే చేపలు బండి మీద ఉన్నాయి. అది అతని బండి కాదు. అతని బండి మీరు విరగ్గొట్టారు. ఆ చేపలు కింద పోసింది నేను. అందులో నేను కట్టిన గాలం ఉంది."

అత్తగారి చెయ్యి నోటి దగ్గరకి వెళ్ళింది. "ఉర్కియా, టీ పొయ్యి," అన్నాడు తొక్తార్ నెమ్మదిగా. ఆ గొంతులో కోపం కంటే భయం ఎక్కువుంది.

"పోస్తాను. ఇంకొంచెం చెప్పేది ఉంది. బండి విరగ్గొట్టడానికి ముందు రాత్రి కూడా నేను చూశాను. రెల్లు వెనకనుంచి చూశాను. చూసీ నోరు మూసుకున్నాను. మూసుకున్నాను కనకే అతను పై ఒడ్డుకి వెళ్ళాల్సి వచ్చింది."

ఎవరిని చూసిందో ఎవరూ అడగలేదు. కళ్ళు మాత్రం ఖాయిర్‌బెక్ మీదికి మళ్ళాయి. అతను ఎముక మీది మాంసం కత్తితో గీరుతున్నాడు, వినపడనట్టు. అతని భార్య అందుకుంది: చీకట్లో, ఆ భయంలో, ఆడమనిషికి ఏం కనబడిందో ఏమో, ప్రాణాలకి తెగించినవాణ్ణి పట్టుకుని ఇంత మాట అనడానికి నోరెలా వచ్చిందో. ఒకరిద్దరు అవునవునన్నారు. అందరికీ ఒక దారి దొరికినట్టయింది.

ప్రోఖోర్ తాత దలేల్‌ఖాన్ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. బండి మీద చేపలున్నాయా, నువ్వు చూశావా?"

దలేల్‌ఖాన్ ముందు ఉర్కియాని చూశాడు. తరవాత గుడ్డలు చుట్టిన తన చేతుల్ని చూసుకున్నాడు. తన కాలరు పట్టుకుని లాగిన మనిషి ఎదురుగా కూచున్నాడు. అతని పొయ్యి దగ్గర, అతని ఉప్పు తింటూ ఉన్నాడు తను.

"నేను నీళ్ళలో ఉన్నాను తాతా," అన్నాడు. "నాకేం కనబడలేదు. అక్క పొరపడి ఉంటుంది. చేపలు నావే."

ఇంక ఉర్కియా మాట ఎవరికీ అక్కర్లేదు. తొక్తార్ తల దించేశాడు. ఎవరో నిట్టూర్చారు, గండం గడిచినట్టు. ఖాళీ గిన్నెలు ఆమె వైపు చాచారు.

ఖాయిర్‌బెక్ కత్తి కింద పెట్టాడు.

"అబద్ధం చెప్తున్నాడు," అన్నాడు.

అందరూ దలేల్‌ఖాన్‌ని చూశారు.

"వాడు చూశాడు. నేను వాణ్ణి పైకి లాగి పడేసింది ఆ చేపల మధ్యే. వాడి చెంప వాటి మీదే ఆనింది. కళ్ళు తెరిచే ఉన్నాడు. నన్నూ చూశాడు, వాటినీ చూశాడు." అతని గొంతు ఎత్తూ లేదు పల్లమూ లేదు. "నేను దొంగనని తెలిసే వాడు ఇప్పుడు నాకోసం దొంగ అయ్యాడు. ఇది నేను మింగలేను."

లేచి టోపీ పెట్టుకోకుండానే బయటికి వెళ్ళిపోయాడు. తలుపు తెరిచినప్పుడు చలి పొగలా నేలమీదుగా లోపలికి పాకింది.

అతను నదివైపు వెళ్ళాడేమోనని అతని భార్య లేవబోయింది. అప్పుడు పెరట్లో కొట్టు గడియ తీసిన చప్పుడైంది. కొంచెం ఆగి, గట్టినేల మీద కట్టె పడినట్టు ఏదో పడింది. ఇంకొకటి. ఇంకొకటి. గడ్డకట్టిన చేపలు. ఒకదాని తరవాత ఒకటి తీసి వాకిట్లోకి విసురుతున్నాడు. లోపల కూచున్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా వింటూ కూచున్నారు. ప్రోఖోర్ తాత గడ్డం ఛాతీకి ఆనింది. గొడ్డలి పట్టినవాడు తన అరచేతులు చూసుకుంటున్నాడు. చప్పుడు ఆగుతుందేమో అనుకుంటే ఆగడం లేదు.

ఉర్కియా లేచింది. ఆపుతాడేమో అని భర్తకేసి చూసింది. తొక్తార్ ఎడంచేత్తో తన గొర్రెతోలు కోటు తీసి ఆమెకి అందించాడు.

వాకిట్లో ఖాయిర్‌బెక్ చెవులు ఎర్రగా కంది ఉన్నాయి. ఆమె రావడం చూసి కూడా ఆగలేదు.

"నా మడుగు పూడిపోయింది," అన్నాడు చేతిలో చేపతో. "వేసవి వరదకి ఇసక మేటేసింది. ఈ ఏడు ఒక్కటంటే ఒక్కటి పడలేదు. అందరూ పొద్దున్నే నా బండికేసి చూస్తారు. ఏం చెయ్యను?"

"చెప్పాల్సింది బావగారూ."

"ఎవరికి?"

ఆమె తొక్తార్ ఇచ్చిన కోటు అతని భుజాల మీద కప్పింది. అతను వద్దనలేదు. కొట్టులో అడుగున ఉన్న గోనె నేలకి అతుక్కుపోయి ఊడి రావడం లేదు. అతను ఒక మూల పట్టుకుని గుంజుతుంటే, ఉర్కియా వంగి రెండో మూల పట్టుకుంది.